నడిపి పరీక్షించడమైనది

కిందటి వారం మనం ఇంజనీరమ్మను సబ్‌స్టేషను కంట్రోల్ రూములో, ఒక సంతకం ముందు కూర్చోబెట్టి వచ్చాం. దారిలో కలిసినవాళ్ళకు నాలుగు ముక్కల్లో చెబుతాను. మొన్న పొద్దున పదకొండూ పదికి ఊరికి కరెంటు చాలలేదు. అలాంటప్పుడు ఏ లైను ముందు తీయాలో, ఏది తీయకూడదో ముందే రాసిపెట్టిన అత్యవసర ప్రణాళిక ఒకటుంటుంది. డ్యూటీలో ఉన్న ఇంజనీరమ్మ దాని ప్రకారమే తొమ్మిదో లైను తీసింది. తొమ్మిదోది ఆసుపత్రి లైను. ఆసుపత్రి జనరేటరు నాలుగు నిమిషాలు దగ్గి ఆగిపోయింది. శ్వాస మిషన్ల వార్డులో ముగ్గురు పోయారు. ఒకరు టైలరు కూతురు, పదహారేళ్ళ పిల్ల. ఇంకొకరు ఎవరూ వెతుక్కుంటూ రాని ముసలాయన. మూడో మనిషి ఇంజనీరమ్మను కన్నతల్లి.

నిన్న తల్లిని సాగనంపి, ఇవాళ పొద్దున్నే ఇంజనీరమ్మ డ్యూటీకి వచ్చింది. రమ్మని పిలిపించింది పెద్దసారు. డివిజను మొత్తానికీ అధికారి. కరెంటు కొరత వస్తే గంటలోపు ఒక రిపోర్టు, నలభై ఎనిమిది గంటల్లోపు పూర్తి రిపోర్టు ప్రభుత్వానికి పంపి తీరాలి. మొదటిది మొన్ననే పెద్దసారు తన సంతకంతో పంపేశాడు. రెండోదానికి షిఫ్టు ఇంజనీరు సంతకం కావాలి. గడువు ఇంకా నలభై నిమిషాలు.

"చదివావుగా. మళ్ళీ చదివితే అక్షరాలేమీ మారిపోవమ్మా," అన్నాడు పెద్దసారు.

కాగితం మీద ఉన్నది రెండే మాటలు. కొరత: లేదు. కారణం: షిఫ్టు ఇంజనీరు పొరపాటున తొమ్మిదవ లైను తీసినారు.

"పొరపాటు కాదు సార్. ఫోను చేసి మిమ్మల్ని అడిగాను. ఇది ఆసుపత్రి లైను, తీయమంటారా అని రెండుసార్లు అడిగాను. లిస్టులో మొదటి విడతలో ఉంది కదా, తీసెయ్యి అన్నారు."

"అన్నాను. కాదనడం లేదు." పెద్దసారు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది. "కొరత అని రాశామనుకో, ప్లాను తెమ్మంటారు. ప్లాను చూస్తే, ముట్టుకోకూడని లైన్లలో ఉండాల్సిన ఆసుపత్రి మొదటి విడతలోకి ఎలా దిగిందంటారు. దింపింది నేను. ఎందుకు దింపానంటే ఇదిగో, దీన్ని చూసి."

రెండో కాగితం ఆమె ముందుకు జరిపాడు. పసుపుపచ్చ రంగు ఫారం. సొంత జనరేటరు ఉండి, దాన్ని ప్రతినెలా నడిపి చూస్తున్నట్టు కాగితం ఉంటే ఆ లైనును మొదటి విడతలో తీయవచ్చునని నిబంధన. ఆరు నెలలుగా ఆసుపత్రి నుంచి ఆ కాగితం తప్పకుండా వస్తోంది. అడుగున పరీక్షించినవారి సంతకం. కుడివైపుకి పడిపోతున్నట్టున్న ఆ అక్షరాలను ఇంజనీరమ్మ చిన్నప్పటినుంచీ ఎరుగును. ఆమె లెక్కల పుస్తకాల అట్టల మీద ఆమె పేరు రాసింది ఆ చెయ్యే.

ఆ సంతకం ఆమె అన్నయ్యది. వెల్డింగు మేస్త్రీ.

"మా అన్నయ్య చదివి పెట్టి ఉండడు సార్."

"చదవకుండా పెట్టినా సంతకం సంతకమే. మూడు చావులమ్మా. ఊరుకుంటారా? నువ్వు సంతకం పెట్టు. నీకు మహా అయితే ఒక ఇంక్రిమెంటు పోతుంది, ఆరు నెలలు సస్పెన్షను. ఈ పసుపు కాగితం ఎవరికీ కనపడదు. పెట్టకపోతే, తల్లి పోయిన మూడోరోజున మీ అన్న జైలుకి పోతాడు. అమ్మని చంపినవాడన్న పేరుతో పోతాడు."

అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. ఇంజనీరమ్మ పెన్ను మూత తీసింది.

గది ఆ చివర, మీటర్ల ముందు, ముసలి ఆపరేటరు వెనక్కి తిరక్కుండానే గొంతు సవరించుకున్నాడు. ముప్పై రెండేళ్ళుగా గంటగంటకూ అంకెలు పైకి చదువుకుంటూ రాసే మనిషి. అందరికీ రీడింగు బాబాయి. "మెయిను నూట ముప్పై ఒకటి. తొమ్మిదో లైను మామూలే," అని చదివి, అదే గొంతుతో, "సంతకం తొందరేముందమ్మా, ఇంకా టైముంది," అన్నాడు.

పెద్దసారు అతనికేసి ఉరిమి చూశాడు. అప్పుడే గేటు దగ్గర పెద్ద చప్పుడైంది.

ఏదో వ్యాను గుద్దిన చప్పుడు. ఇంకోసారి. మూడోసారికి ఇనుపగేటు కిందికి ఒరిగిపోయింది. ఇంజనీరమ్మ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. యాభై అరవై మంది. కాపలావాడు టోపీ వదిలేసి గోడ దూకుతున్నాడు. ముందు నడుస్తున్నవాడి చేతిలో గడ్డపార. మూడు రోజుల గడ్డం, కాలిన మచ్చల చేతులు, నిద్రలేని ఎర్రటి కళ్ళు.

"అన్నయ్య," అంది ఆమె.

అతని పక్కనే టైలరు. నోట్లో నాలుక లేని మనిషని పేరు. కొలతలు తీసుకునేటప్పుడు కూడా, "కొంచెం చెయ్యెత్తుతారా," అని గుసగుసగా అడిగే మనిషి. ఇవాళ అతని చేతిలో బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర ఉంది. రెండో చేతిలో ఒక కాగితం. గంటలోపు పంపాల్సిన ఆ మొదటి రిపోర్టు నకలు. 'షిఫ్టు ఇంజనీరు పొరపాటు' అని అందులోనే ఉంది. పొద్దున ఎవరో ఆసుపత్రి గోడకు అంటించారట. దాన్ని చింపి తెచ్చాడు.

"తలుపు! తలుపు వెయ్యండి!" పెద్దసారు అరుస్తూ తనే బల్ల కిందికి దూరాడు.

బాబాయి ఇనుపతలుపు మూసి గడియ పెట్టాడు. పెట్టి ఏం లాభం? వచ్చినవాడు వెల్డరు. ఇనుము ఎక్కడ విరుగుతుందో అతనికి ఒకరు చెప్పాలా? తలుపును కొట్టలేదు, కీళ్ళను కొట్టాడు. పైకీలు ఒక దెబ్బకు, కిందకీలు రెండు దెబ్బలకు. తలుపు లోపలికి పడింది. అడ్డంగా నిలబడ్డ బాబాయి తలమీద దాని అంచు తగిలింది. ముసలాయన కిక్కురుమనకుండా కూలబడ్డాడు. చెవి పక్కనుంచి నెత్తురు చొక్కా కాలరులోకి కారింది.

జనం లోపలికి తోసుకొచ్చారు. కుర్చీలు ఎగిరాయి. కిటికీ అద్దాలు పగిలాయి. గోడ గడియారం కింద పడింది, దాన్ని ఎవరో బూటుతో తొక్కారు. చనిపోయినవాళ్ళ మనుషులు నలుగురే. మిగతావాళ్ళు దారిలో కలిసినవాళ్ళు, మూడేళ్ళుగా కరెంటు కోతలకు రగిలిపోయి ఉన్నవాళ్ళు. ఒకడు లైన్ల మీటలుండే, ఎర్రదీపాలు వెలుగుతున్న బీరువాల వరుస మీదికి ఇనపరాడ్డు ఎత్తాడు.

ఇంజనీరమ్మ ఆ బీరువాకు వీపు ఆన్చి, రెండు చేతులూ చాపి నిలబడింది.

"దీన్ని ముట్టుకోకండి! నన్ను కొట్టండి, దీన్ని కొట్టకండి! ఇది ఆసుపత్రి లైను. అక్కడ జనరేటరు ఇంకా బాగవలేదు. ఇది పోతే మళ్ళీ మొన్నటిదే అవుతుంది!"

రాడ్డు పట్టుకున్నవాడు ఆగాడు. వాణ్ణి పక్కకు నెట్టి అన్న ముందుకొచ్చాడు.

"మొన్న ఏమైందే ఈ జాలి?"

"అన్నయ్యా..."

"అన్నయ్యా అనకు. చెప్పు. ఆ మీట తిప్పింది నువ్వా కాదా?"

"నేనే."

"నీ చేత్తోనే?"

"నా చేత్తోనే."

అన్న గొంతు ఒక్కసారిగా పీలగా అయిపోయింది. "నిన్న పక్కనే ఉన్నావు కదే. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని నాతోపాటు ఏడ్చావు కదే. కళ్ళు తుడిచావు నాకు. చెప్పలేదేం? ఒక్క ముక్క చెప్పలేదేం?"

అమ్మ ఎందుకు పోయిందన్నదానికి ఆమె దగ్గర జవాబుంది. పసుపుపచ్చ రంగులో, నాలుగడుగుల దూరంలో, బల్ల మీదే ఉంది. ఇంజనీరమ్మ అటు చూడలేదు. చూస్తే అతనూ చూస్తాడు. వెల్డింగు వెలుగుకి అన్న కళ్ళు మంటెత్తిన రాత్రుల్లో అమ్మ తడిగుడ్డ వేసి తెల్లవార్లూ పక్కన కూర్చునేది. అమ్మని చంపింది చెల్లెలనుకుంటే అన్న బతుకుతాడు. తనే అనుకుంటే బతకడు. అది ఆమెకు తెలుసు.

"నా పొరపాటే," అంది. "చూసుకోలేదు."

అన్న గడ్డపార ఎత్తాడు. కొట్టాలనుకున్నది ఆమెనో, వెనకున్న బీరువానో, తరవాత ఎన్నిసార్లు తలుచుకున్నా అతనికే తెలియలేదు. దెబ్బ దిగేటప్పుడు ఆమె ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. మోచేతికీ మణికట్టుకీ మధ్య ఎండుకొమ్మ విరిగిన చప్పుడైంది. ఊపిరి లోపలికి పీల్చి, అలాగే జారి, వీపు మాత్రం బీరువాకు ఆనించే ఉంచి మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి ఉండకూడని చోట వంగి ఉంది.

గది ఒక్క క్షణం చల్లబడింది. అన్న తన చేతిలోని గడ్డపార వంక, అది ఎవరిదో అన్నట్టు చూశాడు.

ఆ క్షణంలోనే ఎవడో బల్ల కింద బూట్లు చూశాడు.

"ఇక్కడున్నాడ్రా పెద్దోడు!"

పెద్దసారును కాళ్ళు పట్టి లాగారు. బల్ల కాలును కరిచిపట్టుకున్నాడు. వేళ్ళ మీద తొక్కితే వదిలాడు. మొదటి గుద్దుకు కళ్ళజోడు పోయింది. రెండోదానికి పన్ను ఊడి నేలమీద దొర్లింది. డొక్కలో, వీపులో, ఎక్కడ పడితే అక్కడ కాళ్ళు. ఈ కోతలకు మగ్గం ఆగిపోయినవాడు, పాలు విరిగిపోయినవాడు, పిల్ల పరీక్ష తప్పినవాడు, అందరూ ఆ ఒక్క ఒంటిమీదే లెక్క తేల్చుకుంటున్నారు. టైలరు వాళ్ళను చేత్తో పక్కకు జరిపి, అతని గుండెల మీద మోకాలు పెట్టి, కత్తెర నోరు తెరిచి గొంతుకు ఇటొక అంచు అటొక అంచు ఆనించాడు. ఎంత చక్కగా ఆనించాడంటే, కాలరు కొలత తీస్తున్నాడనుకోవాలి.

"మా అమ్మాయి," అన్నాడు గుసగుసగా, "పదకొండు నిమిషాలు కొట్టుకుందట సార్. నర్సు చెప్పింది. చేత్తో గాలి కొట్టే సంచీలు రెండే ఉన్నాయట, మనుషులు ముగ్గురట. నీకు పదకొండు నిమిషాలు అక్కర్లేదులే."

"నేను కాదు!" పెద్దసారు నోట్లోంచి నెత్తురు చిమ్మింది. "నేను కాదు బాబూ! జనరేటరు పనిచేస్తుందని సంతకం పెట్టినవాణ్ణి అడగండి! ఆ కాగితం చూసే లిస్టు మార్చాను! దాని అన్నే! ఆ గడ్డపార పట్టుకున్నవాడే!"

"సార్, వద్దు," అంది ఇంజనీరమ్మ. నేలమీద పాకుతూ కుడిచెయ్యి బల్లవైపు చాపింది. "అది అబద్ధం. వినకండి. ప్రాణభయంతో వాగుతున్నాడు, వినకండి!"

ఆమె చెయ్యి అందేలోపల టైలరు లేచి ఆ పసుపు కాగితం తీసుకున్నాడు. మెడలో దారానికి వేలాడుతున్న కళ్ళజోడు పెట్టుకున్నాడు. కొలతలు చదివే అలవాటు గొంతుతో, ఒక్కో మాటా విడదీసి చదివాడు.

"ఆసుపత్రి అత్యవసర జనరేటరును... ఈ నెల మూడవ తేదీన... పూర్తి లోడు మీద అరగంటసేపు... నడిపి పరీక్షించడమైనది. సంతృప్తికరం. పరీక్షించినవారు..."

అక్కడ ఆగాడు. తలెత్తి చూశాడు.

"ఇటివ్వు," అన్నాడు అన్న.

తీసుకుని చూశాడు. చదవాల్సిన అవసరం లేకపోయింది. సంతకాన్ని బొటనవేలితో రుద్దాడు, రుద్దితే పోతుందేమో అన్నట్టు. బొటనవేలికున్న మసి దానికంటుకుంది.

"ఇది... పొగగొట్టం అతికించడానికి పిలిచేవాళ్ళు నన్ను," అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియడం లేదు. "నెలకోసారి ఎక్కడో ఒకచోట చిల్లు పడేది. పనైపోయాక స్టోరు గుమస్తా ఫారం ఇచ్చేవాడు. 'మేస్త్రీ, ఇక్కడొకటి పెట్టెయ్యి, నడిపే మనిషి సెలవులో ఉన్నాడు' అనేవాడు. నడుపుదామా అంటే, డీజిలు దండగ, నడుస్తుందిలే అన్నాడు. నడుస్తుందిలే అనుకున్నాను. ఆరు నెలలు. ఒక్కసారి... ఒక్కసారి తాళంచెవి తిప్పి చూడలేదు."

అతను చెల్లెలి వైపు తిరిగాడు. వంగిన ఆ చెయ్యి చూశాడు. చెల్లెలి మొహం చూశాడు. ఆ మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసు. నీకు ముందే తెలుసు."

ఇంజనీరమ్మ ఏడ్చింది. చెయ్యి విరిగినప్పుడు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. "పొద్దున తెలిసింది అన్నయ్యా. నువ్వు పెట్టకపోయినా ఇంకెవరో పెట్టేవాళ్ళు. తీసింది నేను, మార్చింది ఈయన, నడపనిది వాళ్ళు. నీ ఒక్కడిదే కాదు. ఇంటికి పద. నా మాట విను, ఇంటికి పద."

టైలరు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. పక్కనే నిలబడి, పొద్దుటినుంచీ తన భుజం మీద చెయ్యేసి నడిపించుకొచ్చిన మనిషిని, తనతో కలిసి ఏడ్చిన మనిషిని, కొత్తగా చూశాడు.

"నేను చొక్కాకి గుండీ కుడితే," అన్నాడు, "ఊడుతుందేమోనని రెండుసార్లు లాగి చూసి ఇస్తానయ్యా."

ఇంక గుసగుస లేదు. కత్తెర మూసి, బాకులా పట్టి, అన్న భుజంలోకి దించాడు. లాగి మళ్ళీ ఎత్తాడు. అన్న చెయ్యి అడ్డం పెట్టలేదు. గడ్డపార ఎప్పుడో జారిపోయింది. రెండో పోటు పక్కటెముకల మీదుగా జారి చొక్కాను నిలువునా చీల్చింది. అంతవరకూ అతని వెనక నడిచినవాళ్ళే అతని మీద పడ్డారు. జనానికి ఎవరో ఒకరు కావాలి, పెద్దసారు పాతబడిపోయాడు. "కన్నతల్లినే తిన్నావు కదరా!" అని ఎవడో అరిచాడు. రాడ్డు అతని మోకాలి వెనక తగిలింది. నోటి నిండా నెత్తురుతో, కుంటుతూ, పడిపోయిన తలుపు మీదుగా తొక్కుకుంటూ అతను యార్డులోకి వెళ్ళాడు. పారిపోతున్నట్టు లేదు. ఎక్కడికో పనిమీద వెళ్తున్నట్టుంది.

యార్డంటే కంకర పరిచిన మైదానం. అందులో ఇనుప చట్రాలు, వాటి మధ్య గాల్లో వేలాడే లావు తీగలు, సన్నగా, ఎడతెగకుండా జుమ్మనే మోత. తలుపుకెదురుగా ఉన్న చట్రానికి ఇనుపమెట్లున్నాయి. దానిమీదుగానే మెయిను లైను ఊళ్ళోకి వస్తుంది. అన్న ఆ మెట్లు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు.

లోపల ఇంజనీరమ్మ లేవబోతోంది. గోడవైపున్న ఫోను మోగింది. చూస్తే బాబాయి అప్పటికే పాక్కుంటూ దాని దగ్గరికి చేరి ఉన్నాడు. ఒక చేత్తో తల అదుముకుని, రెండో చేత్తో ఫోను తీసి, దగ్గరికొచ్చిన ఆమె చెవికి ఆనించాడు.

"ఆసుపత్రి ఆపరేషను గది నుంచి," అంది ఒక ఆడగొంతు, చాలా వేగంగా. "సబ్‌స్టేషనులో గొడవట కదా, కరెంటు తీసేస్తున్నారా? బల్లమీద మనిషున్నాడు, కడుపు తెరిచి ఉంది, రక్తనాళం పట్టుకుని ఉన్నాం. పది నిమిషాలు ఇవ్వండి. కుట్టేసేదాకా తీయకండి. మా దగ్గర జనరేటరు లేదు, మీకు తెలుసు కదా. మీకు తెలుసు కదా?"

"తెలుసు," అంది ఇంజనీరమ్మ. "తీయను."

ఫోను పెట్టిన బాబాయి చెయ్యి మెయిను లైను మీట మీద ఉంది. అది తిప్పితే యార్డు మొత్తం చచ్చిపోతుంది. తీగలు ఉత్త తీగలైపోతాయి. ఆసుపత్రితో సహా ఊరంతా ఆరిపోతుంది. "మీ అన్న సగం ఎక్కాడమ్మా," అన్నాడు. "ఆ లైను ముట్టుకోనక్కర్లేదు. మూరెడు దూరానికి పోతే చాలు, అదే అందుకుంటుంది. తీసెయ్యమంటావా?"

ప్రణాళికలో దీనికి పేజీ లేదు. నూట నలభై పేజీలు ఆమే టైపు చేసింది. వరద వస్తే ఏం చెయ్యాలో, తుపాను వస్తే ఏ లైను కాపాడాలో, అన్నీ ఉన్నాయి.

"ముట్టుకోవద్దు బాబాయ్. పది నిమిషాలు. నేను వెళ్తాను."

"ఆ చేత్తోనా?"

"నోరుందిగా. మైకులో నిమిషాలు మాత్రం చెబుతూ ఉండు."

సంతకం కోసం తెచ్చిన రిపోర్టు దారికడ్డంగా పడి ఉంది. దానిమీద అడుగేసుకుంటూ ఆమె బయటికి నడిచింది. విరిగిన చెయ్యి చున్నీతో పొట్టకు అదిమి పట్టుకుంది. ఒక్కో అడుగుకూ కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ఎండ నెత్తిమీద నిప్పులు పోస్తోంది. జనం చట్రం చుట్టూ గుమిగూడి, "దిగరా!" అంటూ రాళ్ళు విసురుతున్నారు. ఒకడు విసిరిన రాడ్డు పైన తీగను పట్టి ఉంచే పింగాణీ గిన్నెల దండకు తగిలింది. గిన్నె ఒకటి పగిలి ముక్కలు కింద పడ్డాయి. ఒకడి చెంప తెగింది. "చూసుకోండ్రా!" అంటూ వాడు మొహం పట్టుకుని కూర్చున్నాడు.

"విసరకండి! మీరందరూ పోతారు!" ఆమె అరిచింది. దారివ్వనివాణ్ణి మంచి భుజంతో నెట్టింది. ఒకడు ఆమె జుట్టు పట్టుకున్నాడు. వంగి వాడి చెయ్యి కొరికింది. వాడు బూతు తిడుతూ వదిలాడు.

యార్డు మైకు గరగరలాడింది. "ఏడు నిమిషాలమ్మా."

అన్న పైమెట్టు చేరాడు. అక్కడ అడ్డకమ్మీని కాళ్ళతో మెలేసి కూర్చున్నాడు. భుజంలోంచి నెత్తురు మోచేతికి, మోచేతినుంచి కింది కంకర మీదికి బొట్లుగా పడుతోంది. అతని తలకు రెండు మూరల పైన తీగ. ఎత్తుల మీద పని చేసే మనిషి, కళ్ళు తిరగడం ఎరగడు. తీగవంక చూశాడు. కుడిచెయ్యి మెల్లగా ఎత్తి, భుజం దాకా తెచ్చి ఆపాడు.

"అన్నయ్యా! చెయ్యి దించు! నా వైపు చూడు!"

చూశాడు. ఆ ఎత్తునుంచి అతని మొహం చిన్నప్పటి మొహంలా ఉంది.

"నా దెబ్బకు నీ చెయ్యి విరిగిందా?" అని అడిగాడు.

"అతుక్కుంటుంది. నువ్వు దిగు. నువ్వే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నాకింకెవరున్నారు?"

అతను నవ్వినట్టే అయ్యాడు. అంతలో కింద కదలిక. టైలరు కత్తెరను నడుముకు దోపుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. అతని వెనక మరో ముగ్గురు. ఇనుపమెట్లు గలగల్లాడాయి.

"దిగనివ్వను," అన్నాడు టైలరు. "నేనే పైకొస్తాను."

"అయిదు నిమిషాలు," అంది మైకు.

అన్న కిందికి చూశాడు, పైకి చూశాడు. తరవాత గొంతెత్తి అడిగాడు. అరవై మందీ విన్నారు.

"చెల్లీ! నువ్వు నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు, ఇందాక తప్ప. ఇప్పుడు నిజం చెప్పు. ఈ తీగలో కరెంటు ఉందా? తీసేశావా?"

మెట్టుమీది కాలు ఆపి, టైలరు కూడా ఆమె వైపు తిరిగాడు. అతని వెనక ముగ్గురూ తిరిగారు. రాళ్ళు పట్టుకున్న చేతులన్నీ ఆగిపోయాయి. యార్డులో ఆ జుమ్మనే మోత తప్ప ఇంకేం లేదు. అది దేని మోతో వాళ్ళెవరికీ తెలియదు.

ఉంది అంటే, అన్న చెయ్యి పూర్తిగా పైకి లేస్తుంది. దానికోసమే ఎక్కాడు. లేదు అంటే, నలుగురు మనుషులు ఆమె మాట నమ్మి ఆ తీగ దగ్గరికి ఎక్కిపోతారు.

అన్న చెయ్యి గాల్లోనే ఉంది. టైలరు రెండో కాలు నేలమీంచి లేచింది.

ఇంజనీరమ్మ నోరు తెరిచింది.